పట్టూ విడుపూ

ఈ ఉదయం కూడా
జాన్‌సైదా కొట్టు నుంచి ఆరు కళ్లు తెచ్చాను,
ఐసుముక్కల మధ్య, టిఫిను డబ్బాలో.
మేకలు చివరిగా ఏం చూశాయో అడగను.
కాలవ మీద వంతెన దాటేటప్పుడు మాత్రం
మూత మీద చెయ్యి వేసుకుంటాను,
ఎండ తగలకూడదని.

అమలాపురంలో, కంటాసుపత్రి వెనక గది మాది.
ఒకప్పుడు చీపుర్లూ ఫినాయిలూ ఉండేవట.
ఇప్పుడు నేనూ, ఒక మైక్రోస్కోపూ,
నంబర్లు వేసిన నలభై ఏడు సీసాలూ.
నలభై ఆరు అబద్ధమాడాయి.

పని చెప్పడానికి చిన్నదే.
చేప పొలుసంత లెన్సుని
నల్లగుడ్డు మీది అద్దానికి, కార్నియాకి,
కుట్టు లేకుండా అంటించాలి.
ఆ అద్దంలో నెత్తురు పారదు,
గాలి తాగి బతుకుతుంది.
ఊపిరాడనివ్వని జిగురు పెట్టామా
మూడో రోజుకి తెల్లబోతుంది.

తుమ్మజిగురుతో గాలిపటాలు చేసినదాన్ని,
చింతగింజల అంబలితో పుస్తకాలకి అట్టలేసినదాన్ని.
అంటించడమంటే ఆరనివ్వడమే అనుకున్నాను.
కన్ను ఆరదు.
ఆరిందంటే అది కన్ను కాదు.

తాళ్లరేవులో పడవల మేస్త్రీ సంగాని కాశీరావు
పలకల సందుల్లో దూదిపోగులు కూరుతూ,
పక్కన గుగ్గిలం నూనెలో కాగుతూంటే, అన్నాడు:
"పొడి చెక్కకి ఎవడైనా అంటిస్తాడమ్మా.
నీళ్లలో దిగాక చెక్క ఉబ్బుద్ది.
దాంతోపాటే మందూ ఉబ్బాలి.
మొండికేసిందా, పగులుద్ది."
తిరగేసిన ఓ పాత పడవ అడుగు చూపించాడు.
గుల్లలు.
ఉప్పునీళ్లలో పుట్టి, ఉప్పునీళ్లలోనే పట్టు నేర్చినవి.
గోరు విరిగేదాకా గీకాను.
ఆ రాత్రే ముప్ఫై రెండో సీసా మొదలుపెట్టాను.

పట్టింది. కానీ
లోకం మీద డికాషను పోసినట్టు రంగు.
రంగు తీస్తే పట్టు పోయింది,
పట్టు నిలిపితే రంగొచ్చింది.
ఎనిమిది నెలలు ఈ రెండు రేవుల మధ్యా
పంటులా తిరిగాను.

రెప్పపాటు కోసం
పాత కుట్టుమిషను మోటారుకి
తడి స్పాంజిముక్క కట్టాం.
నిమిషానికి పదిహేను సార్లు, కరెంటుంటే.
తప్, తప్, తప్.
పన్నెండు వేలయితే ఒక మనిషి రోజు.
నలభై ఆరోది పదకొండు వేల తొమ్మిది వందల దగ్గర జారింది,
సరిగ్గా నేను టీకి లేచినప్పుడు.

బయట బల్ల మీద బొంతు ఏసుపాదం.
అంబాజీపేటలో కాయలు వలిచే మనిషి.
గునపం మీంచి ఎగిరిన పీచు
నాలుగేళ్ల కిందట కంట్లో పడింది.
పుండు మానింది, పువ్వు మిగిలింది.
ఆ మచ్చకి పువ్వని పేరెట్టినవాడెవడో
ఒక్కసారి కనిపిస్తే బాగుణ్ణు.
పలచబడ్డ పువ్వు కింద అద్దమంతా గతుకులు.
కళ్లజోడుకి లొంగదు.

"ఎన్నాళ్లు పడుద్ది" అని అతను అడగలేదు.
"అంటించాక మళ్లీ ఊడదాండీ?" అన్నాడు.
"ఊడకపోతే నాకు భయ్యవండీ.
ఆ పీచూ ఊడలేదు కదండీ."

డాక్టరు కల్పకంగారు నవ్వలేదు.
నా నోటుపుస్తకంలో
పట్టు అని రెండు గీతలు కొట్టి రాసుకున్న చోట
పక్కనే, చిన్నగా, విడుపు అని రాసి
పేషెంటుని చూడ్డానికి వెళ్లిపోయారు.
ఎనిమిది నెలల్లో
దాన్ని నేను ఒక్కసారీ వెతకలేదు.

నలభై ఏడోది కంటి వెచ్చదనంలో పట్టుకుంటుంది,
చల్లటి సెలైను చుక్కలకి వదులుతుంది.
అలా వదలాలి. కాగితం మీద.

నిన్న రాత్రి పన్నెండు వేలు దాటింది.
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, అదీ రాశాను.
చుక్క వేశాను. ఇంకో చుక్క.
మూడోదానికి లెన్సు
నా వేలి కొసకి వచ్చేసింది, అలిగినట్టైనా లేదు.
కింద అద్దం తేటగానే ఉంది.
జాన్‌సైదా చుట్టిచ్చిన పేపరు ముక్క దాని వెనక పెట్టి
సగం మాట చదివాను: "…లంక గ్రామాల్లో".

ఒక్క కన్ను. అదీ మేకది.
మేకకి పట్టింది మనిషికి పట్టాలంటే ఏళ్లు.
ఏసుపాదానికి ఏమీ చెప్పలేదు.
డబ్బాలో ఆరు కొత్తవి.
మోటారు మళ్లీ వేశాను.

పదిహేను వందల దగ్గర గమనించాను,
స్పాంజి వాలినప్పుడల్లా
నేనూ రెప్ప వేస్తున్నాను.